నాలుగో చెరువు పస్తు

బస్సు డిపో వెనక గోడ దగ్గర పనిచేసే ఆవిణ్ని అందరూ రంగులత్త అంటారు. ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అత్తా అనే పిలుస్తారు. మొదట్లో, "నేనేమైనా మీ నాన్న చెల్లెల్నా?" అని కసురుకునేది. తర్వాత ఆ పిలుపు ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా మర్యాదకి మేడమ్ అంటే, ఎవర్నంటున్నారా అని వెనక్కి తిరిగి చూసేది.

ఆవిడ పని ఆరు చెరువుల్ని చూసుకోవడం. చెరువులంటే నిజంగా చెరువులు కావు, గోడని ఆనుకుని కట్టిన సిమెంటు తొట్లు. ఒక్కొక్కటి రెండు బస్సుల్ని ఒకదాని వెనక ఒకటి నిలిపినంత పొడవు, మోకాలంత లోతు. మధ్యలో అడ్డుగోడ ఉంటుంది. నీళ్లు ఆ గోడకి ఒక పక్కనుంచి వెళ్లి ఇంకో పక్కనుంచి తిరిగొస్తాయి, ఆగకుండా. వాటిని అలా తిప్పేది తొట్టికొక రెక్కల చక్రం. ఆ నీళ్లలో పెరిగేది నాచు. మెట్లమీద పట్టి కాళ్లు జారేలా చేసే నాచు కాదు, విడిగా ఒక్కొక్కటీ కంటికి ఆననంత చిన్నది. అన్నీ కలిస్తే మాత్రం తొట్టెడు నీళ్లనీ పచ్చగా మార్చేస్తాయి. బస్సులు కడిగిన నీళ్లని వడకట్టి దానికిస్తారు. వర్క్‌షాపు బాయిలరు పొగని గొట్టంలోంచి బుడగలుగా వదులుతారు. ఇవి కాక తెల్లటి ఉప్పులాంటి మేత. బాగా పెరిగాక తీసి, ఎండబెట్టి, దాన్నుంచి నూనె తీస్తారు. ఆ నూనెని శుద్ధిచేసి డీజిల్లో కలిపి బస్సు నడపాలన్నది డిపో వాళ్ల ఆశ.

ఆశ అనే అనాలి, ఎందుకంటే అప్పటిదాకా ఆ నూనెతో ఒక్క బస్సు కూడా గేటు దాటలేదు. రంగులత్త భర్త అదే డిపోలో డ్రైవరు. రోజూ పొద్దున్న ఇద్దరూ కలిసే బయల్దేరేవాళ్లు. దారంతా ఆయనకదే వేళాకోళం.

"ఏవోయ్, నీ కషాయం ఎప్పుడు పోస్తావ్ నా బండికి?"

"నీ బండి అరిగించుకోగలిగినప్పుడు."

"మధ్యదారిలో మొరాయిస్తే ప్యాసింజర్లకి ఏం చెప్పమంటావు? మా ఆవిడ నాచు తొక్కి జారిపోయిందనా?"

"నువ్వు మొరాయించినప్పుడు నేను ఎవరికైనా ఏమైనా చెప్పానా? నువ్వూ అలాగే నోరు మూసుకుని ఊరుకో."

చెరువుల దగ్గరికి రాకముందు ఆవిడ ఇరవై రెండేళ్లు నూలు అద్దకం కార్ఖానాలో పనిచేసింది. పద్దెనిమిదేళ్లకి చేరినప్పుడు పని తొట్లు తోమడం. మానేసేనాటికి పని రంగు తేల్చడం. అంటే, ఉడుకుతున్న తొట్టిలోంచి చుట్టలా కట్టిన నూలు చిలపని కర్రతో పైకెత్తి, వెలుగుకి పట్టి, ఇంకో రెండు నిమిషాలుంచాలా, ఇప్పుడే తీసేయాలా అని చెప్పడం. తడి నూలు రంగు వేరు, ఆరాక రంగు వేరు. తడిదాన్ని చూస్తూనే ఆరినదాన్ని చూడగలగాలి. ఆ చూపు ఆవిడకి ఎలా వచ్చిందని అడిగితే చెప్పలేదు. "చూసీ చూసీ" అనేది, అంతే. కొనేవాడు పోయిన ఏడాది తీసుకున్న నీలమే కావాలంటే, పాత ముక్క లేకుండా అదే నీలం తెచ్చి ఇచ్చేది.

కార్ఖానా మూతపడ్డాక నాలుగేళ్లు ఇంట్లో ఉంది. ఇంట్లో ఉండటం ఆవిడకి చేతకాలేదు. ఉన్న కర్టెన్లకే మూడుసార్లు రంగులు మార్చింది. నాలుగోసారి మొగుడి ఖాకీ చొక్కా మీద కన్నుపడేసరికి ఆయన హడలిపోయి, డిపో వెనక తొట్లు తోమే పని ఒకటుందని తెలుసుకుని వచ్చి చెప్పాడు. అలా నలభై నాలుగో ఏట మళ్లీ తొట్లు తోమడంతోనే మొదలుపెట్టింది.

తోమడానికి చేరిన మనిషి చెరువులు చూసే మనిషి కావడానికి కారణం రెండో చెరువు. అక్కడ పరీక్షలన్నీ చేసేది ల్యాబు పాప. పాతికేళ్ల పిల్ల, పెద్ద కళ్లద్దాలు, తెల్లకోటు జేబులో ఎప్పుడూ నాలుగు పెన్నులు. ఒకరోజు రంగులత్త చీపురు పట్టుకునే ఆ అమ్మాయి గదిలోకి వెళ్లి, "రెండో దానికి ఒంట్లో బాగాలేదు" అంది.

"మీటరు బానే ఉందంటోంది అత్తా."

"మీటరుకేం తెలుసు? నిన్నటి పచ్చలో వెలుగుంది. ఇవాళ్టి పచ్చలో బూడిద కలిసింది."

అమ్మాయి నవ్వి ఊరుకుంది. మూడో రోజుకి రెండో చెరువు గోధుమరంగు కుడితి అయింది. కంటికి కనపడని పురుగులేవో చేరి నాచునంతా మేసేశాయి. ఆ సాయంత్రం ల్యాబు పాప తనే చీపురు దగ్గరికి వచ్చి, "ఆ బూడిద ఎక్కడ కనిపించింది అత్తా? నాకూ చూపించవా" అంది.

చూపించడానికి మాటలు చాలలేదు. అందుకని రంగులత్త ఇంట్లో మిగిలిన రంగులతో నూలు పోగులు అద్ది, అట్టముక్కకి వరసగా కట్టి తెచ్చింది. మొత్తం పంతొమ్మిది పోగులు. అన్నీ పచ్చలే, ఏ రెండూ ఒకటి కావు. ఒక్కోదానికీ ఓ పేరు. లేత చిగురు, చిలకరెక్క, సీసాపచ్చ, తడిగడ్డి, ఎండుగడ్డి, జ్వరం. జ్వరం అన్నది ఆ బూడిద కలిసిన పచ్చ. గాజు గ్లాసులో చెరువు నీళ్లు ముంచి, పక్కన అట్ట పెట్టి, ఏ పోగుకి సరిపోయిందో రోజూ గోడమీద రాసేవాళ్లు. ల్యాబు పాప మీటరు లెక్కలు ఒక వరసలో, అత్త పోగుల పేర్లు ఇంకో వరసలో. ఎనిమిది నెలలయ్యేసరికి అమ్మాయి ముందు పోగు చూసి, తర్వాత మీటరు పెట్టడం మొదలుపెట్టింది.

అలా సాగుతుండగా డిపో పెద్దసారు ఒకనాడు చెరువుల దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ ఆయనకి కొత్త బస్సులొస్తున్నాయి, నిలపడానికి చోటు లేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఆరు చెరువులూ ఒక చుట్టు చుట్టి చెప్పాడు.

"నూటికి ముప్పై పాళ్లు నూనె వస్తుందన్నారు. ఇప్పటిదాకా ఇరవై ఆరు దాటలేదు. వచ్చే శనివారం తీసే నాచులో ముప్పై చూపించండి, చెరువులు ఉంచుతాను. ఒక బస్సు కూడా ఇస్తాను. లేదా మట్టి పోయించి బస్సులు నిలుపుకుంటాను. ఇంతకన్నా ఆగలేనమ్మా."

ల్యాబు పాప ముఖం వాడిపోయింది. రంగులత్త మాత్రం, "సరే సార్" అంది, కూరగాయల బేరం కుదిరినంత తేలిగ్గా. ఆయన వెళ్లాక, "ఎలా అత్తా?" అని పాప గొణిగింది.

"నాలుగోది ముదిరింది, తడిగడ్డికి వచ్చింది. సోమవారం నుంచి దాన్ని పస్తు పెడదాం. ఈసారి అయిదు రోజులూ గట్టిగా. ఎప్పుడూ నాలుగో రోజుకే జాలిపడి తీసేస్తున్నాం."

పస్తు అన్నది వాళ్ల మాట. మేత ఉన్నంతకాలం నాచు తిని పెరగడమే తప్ప నూనె దాచుకోదు. మేత ఆపేస్తే, ముందున్నవి గడ్డురోజులని బెంగపడ్డట్టు ఒంట్లో నూనె పోగేసుకుంటుంది. అప్పుడు పచ్చ తగ్గి, ఒళ్లు పాలిపోయి, పసుపు తిరుగుతుంది. చూడ్డానికి జబ్బుపడ్డట్టే ఉంటుంది. జబ్బుకీ ఆకలికీ తేడా తెలియడమే అక్కడి విద్య.

సోమవారం పస్తు మొదలైంది. మంగళవారానికి రంగు ఒక పోగు కిందికి జారింది. బుధవారం పొద్దున్నే రంగులత్త వచ్చి నాలుగో చెరువు గట్టుమీద చెయ్యి ఆనించింది. అరచేతికి గరుగ్గా ఏదో తగిలింది. చూస్తే తెల్లటి పలుకులు. నాలుక చివర పెట్టుకుని ఉమ్మేసింది. మేత.

చుట్టూ చూసింది. అంత పొద్దున్నే అక్కడున్నది ఒక్కరే, గేటు తాళాలు తీసే వడ్డన బాబాయి. ముప్పై ఆరేళ్లు డిపో క్యాంటీనులో వడ్డించి, పదవీ విరమణ అయ్యాక ఊరికే కూర్చోలేక చెరువుల కాపలాకి వచ్చిన పెద్దాయన. మేత డబ్బా మూత ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"బాబాయ్, నాలుగో దానికేమైనా వేశావా?"

"వేశానమ్మాయ్, ఇప్పుడే, అరగంట కూడా కాలేదు" అన్నాడాయన సంతోషంగా. "పాపం ఎలా పీక్కుపోయిందో చూశావా? మిగతావన్నీ కళకళలాడుతున్నాయి, ఇదొక్కటే వెలవెలబోతోంది. నువ్వు మర్చిపోయావేమోనని రెండు డబ్బాలేశా."

"రెండా!"

"చాలదంటావా?"

"బాబాయ్, అది మర్చిపోయి కాదు. కావాలనే పస్తుంచాం."

పెద్దాయన చేతిలో మూత కిందపడి గుండ్రంగా తిరిగింది. "ముప్పై ఆరేళ్లమ్మా. నా ఎదురుగా ఖాళీ కంచంతో ఒక్కడు లేవలేదు. చూస్తూ ఎలా ఊరుకోను?"

"దానికి కంచం ఎక్కడిది బాబాయ్!" అని అరిచింది గానీ, ఆ అరుపు సగంలోనే చప్పబడింది. ఆయన ముఖం చూశాక ఇక తిట్టడానికి మనసు రాలేదు. తిట్టే తీరికా లేదు.

ల్యాబు పాప వచ్చేసరికి రంగులత్త గట్టుమీద కూర్చుని నీళ్లనే చూస్తోంది. సంగతి విని అమ్మాయి కాగితం పట్టీ నీళ్లలో ముంచింది. పట్టీ ముదురు గులాబీ రంగుకి తిరిగింది.

"నిండా మేతే అత్తా. ఇది తిని అరిగి మళ్లీ ఆకలి పుట్టడానికే నాలుగు రోజులు. శనివారానికి అయ్యే పని కాదు." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అయిపోయింది మన పని."

"ఆ పట్టీ దేంట్లో ముంచావు?"

"నీళ్లలో."

"అంటే మేత నీళ్లలో ఉంది. దాని కడుపులో కాదు. అరగంటలో ఎంత తింటుంది?" రంగులత్త లేచి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది. "నూలుకి రంగు ఎక్కువైతే ఏం చేస్తాం? తొట్టి పారబోసి మంచినీళ్లలో జాడిస్తాం. దీన్నీ జాడిద్దాం."

"కంటికి కనపడనిదాన్ని ఎలా జాడిస్తావు?"

"చక్రం ఆపుతాను. అడుగుకి దిగుతుంది. పైనీళ్లు తోడేసి, కొత్త నీళ్లు పెడతాను."

ల్యాబు పాప తలతిప్పి గోడమీది బోర్డు చూసింది. చెరువులు కట్టిన రోజునే ఎర్ర రంగుతో రాసిన బోర్డు అది. *చక్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపరాదు.* "అడుగున కుప్పపడితే ఊపిరాడక కుళ్లిపోతుంది అత్తా. చెరువు మొత్తం పోతుంది. పోనీ దిగుడు తొట్టిలోకి పంపిద్దామా?"

తీసిన నాచుని చక్రం లేకుండా అడుగుకి దిగనిచ్చి కూడబెట్టే చిన్న తొట్టి అది. "దాంట్లోంచి చెరువంతా వెళ్లాలంటే రెండు రోజులు. ఈలోగా తినాల్సిందంతా తినేస్తుంది. ఆ తొట్టిలో నాచు ఎంతసేపు బతుకుతోంది, నువ్వే చెప్పు?"

"నాలుగు గంటలకి బానే ఉంటుంది. ఆరు గంటలకి వాసనొస్తుంది."

"నాకు మూడు గంటలు చాలు."

ముందు నల్ల పట్టా కప్పించింది. వెలుతురు లేకపోతే నాచు సరిగ్గా తినదని అమ్మాయి ఎప్పుడో చెప్పిన మాట ఆవిడకి గుర్తుంది. పట్టా ఒక కొస వడ్డన బాబాయి పట్టుకున్నాడు. ఎవరూ పిలవలేదు, తనే వచ్చి పట్టుకున్నాడు. తర్వాత రంగులత్త స్విచ్ దగ్గరికి వెళ్లి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నొక్కేసింది.

చక్రం నాలుగు తిరుగుళ్లు తిరిగి ఆగింది. అన్నేళ్లుగా వినీ వినీ చెవులకి వినపడటం మానేసిన ఆరు చక్రాల చప్పుడులో ఒకటి ఆగిపోగానే, ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ ఊరుకున్నట్టయింది.

ఆ లోటు పెద్దసారు గదిదాకా పాకింది. రెండు గంటలు గడిచాక ఆయన వచ్చాడు. అప్పటికి పట్టా ఒక మూల ఎత్తి చూస్తే, పైన జానెడు నీళ్లు లేత టీ డికాషన్‌లా తేటపడ్డాయి, అడుగున పచ్చటి దుప్పటి పరిచినట్టుంది. రంగులత్త గొట్టం మూతిని నీటిపైన తేలేలా ప్లాస్టిక్ డబ్బాకి కట్టి పైనీళ్లు తోడిస్తోంది.

"చక్రం ఎందుకాగింది? కరెంటు పోయిందా?"

"లేదు సార్. నేనే ఆపాను."

"బోర్డు చూడలేదా?"

"ఆ బోర్డు రాసిన రోజున నేనిక్కడ లేను సార్. ఉంటే ఇంకో వాక్యం రాయించేదాన్ని." గొట్టం మీంచి చూపు తిప్పకుండానే అంది. "పస్తులో ఉన్నదానికి పొరపాటున మేత పడింది. జాడిస్తున్నాం. ఇంకో గంటలో తిప్పుతాను."

"చెరువు చచ్చిపోతే?"

"మీ మట్టి లారీలు ఉండనే ఉన్నాయి కదా సార్. మిగతావాటికన్నా దీన్ని ఓ మూడు రోజులు ముందు పూడ్చుకోండి."

ల్యాబు పాప పెన్ను కిందపడింది. పెద్దసారు వంగి అడుగునున్న పచ్చని చూశాడు. "మేత వేసిందెవరు?" అన్నాడు చివరికి.

రంగులత్త నోరు తెరిచేలోగా వడ్డన బాబాయి ముందుకొచ్చాడు. "నేనే సార్. ఆకలి మీదుందని."

పెద్దసారు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మీ చేతి భోజనం పదకొండేళ్లు తిన్నాను నేను. కంచం మీద చేతులడ్డం పెట్టినా, వేళ్ల సందుల్లోంచి వడ్డించేవారు. ఈ నాచు ఒక లెక్కా మీకు?" అని, నవ్వాలా వద్దా తేలక, "శనివారం చూద్దాం" అనేసి వెళ్లిపోయాడు.

తోడిన నీళ్ల చోటులో, రెండు రోజులుగా పై ట్యాంకులో నిలవపెట్టిన మంచినీళ్లు వదిలారు. మూడు గంటలు కావడానికి పది నిమిషాలుందనగా రంగులత్త మళ్లీ స్విచ్ నొక్కింది. చక్రం కదిలింది. మొదట అడుగునుంచి చిక్కటి తీగల్లా పచ్చ పైకి లేచింది. పొగలా సుళ్లు తిరిగింది. రెండు చుట్లు తిరిగేసరికి నీళ్లంతా ఒకే రంగైంది. గ్లాసులో ముంచి, వాసన చూసి, అట్ట పక్కన పెట్టింది. జ్వరం పోగు వైపు చూడను కూడా చూడలేదు. ల్యాబు పాప మైక్రోస్కోపు మీద వంగి, లేచి, "బతికే ఉన్నాయి అత్తా!" అని కేకేసింది.

"ఉండవా మరి" అంది రంగులత్త. కానీ ఆ మాటన్నాక గట్టుమీద కూర్చుని, చల్లబడ్డ టీని ఒక్క గుక్కలో తాగేసింది.

గురువారం మధ్యాహ్నానికి పట్టీ తెల్లగా ఉండిపోయింది. మిగిలిన కాస్త మేతా అయిపోయింది, ఆకలి మొదలైంది. శుక్రవారం ఎండుగడ్డి. వడ్డన బాబాయి నాలుగో చెరువు పక్కనుంచి వెళ్లేటప్పుడు ముఖం అటు తిప్పుకుని వెళ్లేవాడు. "చూడలేనమ్మాయ్. నువ్వే చూడు" అనేవాడు. శనివారం సాయంత్రం తీసేముందు గ్లాసులో ముంచితే, ఆ రంగుకి సరిపోయే పోగు అట్టమీద లేదు. ఎండుగడ్డి దాటిపోయింది. పసుపులోకి దిగింది గానీ, దాని లోపల ఎక్కడో ఒక వెలుగుంది.

"ఇదేం రంగు అత్తా?"

"ఇంతదాకా ఎప్పుడూ రానివ్వలేదుగా మనం. పేరు పెట్టాలి."

తీసి, ఎండబెట్టి, నూనె తేల్చేసరికి సోమవారం పదకొండైంది. ల్యాబు పాప మూడుసార్లు లెక్క చూసుకుని, కాగితం పట్టుకుని పెద్దసారు గదికి పరిగెత్తింది. రంగులత్త వెళ్లలేదు. ఆ రంగు శనివారమే చూసింది. కాగితంలో ఏముంటుందో ఆవిడకి కొత్తగా తెలియాల్సింది లేదు. ఒకటో చెరువు గోడలు తోముతూ ఉంది.

నూటికి ముప్పై రెండు.

పెద్దసారు మాట తప్పలేదు. చెరువులు ఉన్నాయి. బస్సు కూడా వచ్చింది. ఏ బస్సో వేరే చెప్పాలా? డ్రైవరుగారు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, స్టార్ట్ చేసి, కిందికి దిగి, వెనక్కి వెళ్లి పొగగొట్టం దగ్గర ముక్కుపెట్టి చూశాడు.

"ఏం వాసనొస్తోందయ్యా?" అంది రంగులత్త.

"ఏ వాసనా లేదోయ్. మామూలుగానే ఉంది" అన్నాడు, కొంచెం నిరాశగా. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి తల బయటపెట్టి, "బానే అరిగించుకుంటోంది!" అని అరిచి, హారన్ కొట్టి, గేటు దాటించాడు.

ఆ వారంలోనే ల్యాబు పాప నిచ్చెన వేసుకుని ఎక్కి, బోర్డుమీద ఎర్ర రంగుతో చివర ఒక వాక్యం చేర్చింది. *అత్త చెబితే తప్ప.* పెద్దసారు చూసి కూడా చెరిపించలేదు.

వడ్డన బాబాయి మాత్రం మేత గది తాళాలు తెచ్చి రంగులత్త ముందు పెట్టాడు. "నా చేతికి ఇవ్వకమ్మాయ్. మళ్లీ వేసేస్తా."

ఆవిడ తాళాలు తీసుకోలేదు. ఆయన్ని రెండో చెరువు దగ్గరికి తీసుకెళ్లింది. అది అప్పుడప్పుడే విత్తనం పోసిన చెరువు, లేత చిగురు రంగులో ఉంది.

"ఇవి పెరిగేవి. వీటికి పస్తు లేదు, ఎంత పెట్టినా ఇంకా కావాలంటాయి. ఇకనుంచి పెరిగేవాటికి మేత వేసే పని నీది. పస్తున్నవాటి జోలికి మాత్రం రాకు."

పెద్దాయన కళ్లు మెరిశాయి. డబ్బా నిండా మేత తీసుకుని, చేతికి అలవాటైన వడ్డన తీరులో, గట్టు పొడవునా వంగి వంగి చల్లుకుంటూ వెళ్లాడు. చివరిదాకా వెళ్లి, అక్కడినుంచి అడిగాడు.

"చాలిందో లేదో ఎలా తెలుస్తుందమ్మాయ్? ఇదేమో చెయ్యి అడ్డం పెట్టదాయె."

రంగులత్త గాజు గ్లాసులో రెండో చెరువు నీళ్లు ముంచి ఆయన చేతికిచ్చింది. పోగులు కట్టిన అట్ట తీసి రెండో చేతిలో పెట్టింది. ఇప్పుడు దానిమీద ఇరవై పోగులున్నాయి.

"వెలుగుకి పట్టి చూడు బాబాయ్" అంది. "తొందరేం లేదు. చూసీ చూసీ వస్తుంది."